గురువారం ఫోను

అనసూయ ఎడమ చెవి అరిగిపోయిందని ఆమె భర్త పాండురంగం దుకాణానికి వచ్చే వాళ్లందరికీ నవ్వుతూ చెబుతుంటాడు. ఇంట్లో ఏదైనా అడగాలంటే కుడిపక్కకు తిరిగి వచ్చి అడగాలట, ఎడమ చెవిని ఊరి వాళ్లకు రాసిచ్చేసిందట. అందులో అబద్ధం పెద్దగా లేదు. మూడేళ్లుగా వారానికి మూడు రోజులు, పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా, ఆ చెవికి నల్లటి రిసీవరు ఆనించుకుని కూర్చుంటే సాయంత్రానికి అది వేడెక్కి, కమిలినట్టయి, దిండు తగిలినా నొప్పి పెడుతుంది. ఈ గురువారం మాత్రం చెవి చల్లగా ఉంది. గోడ గడియారంలో ఒంటిగంట అయింది. ఫోను నోరు మూసుకుని బల్ల మీద కూర్చుంది. తొర్రూరు నుంచి సమ్మమ్మ అనే ఆవిడ ఒంటిగంట ప్రాంతంలో ఫోను చేయాలి. చేస్తే బతికి ఉన్నట్టు. చేయకపోతే ఏమనుకోవాలో, ఆ సంగతి అనుకోకుండా ఉండటానికే అనసూయ వారం రోజులుగా తంటాలు పడుతోంది, పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తూ, ఉతికి ఆరేసిన బట్టలనే మళ్లీ తెచ్చి నానబెడుతూ.

కింద ప్రెస్సులో మిషను ఒక్క తీరుగా దడ్‌మంటూ తిరుగుతోంది. దసరా పోయింది, పెళ్లిళ్ల రోజులు ముందున్నాయి, శుభలేఖలు అచ్చవుతున్నాయేమో. మిషను తిరిగినప్పుడల్లా బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతాయి. మొదట్లో ఆ చప్పుడులో అవతలి మాట ఎలా వినపడుతుందా అని భయపడింది, ఇప్పుడు మిషను ఆగితేనే ఉలిక్కిపడుతుంది. ఈ గదిని ప్రెస్సు యజమాని ఊరికే ఇచ్చాడు. డాక్టర్ రాజేశ్వర్ రావు గారు ఉద్యోగం నుంచి దిగిపోయాక, మనసు బాగాలేని వాళ్లు దవాఖాన దాకా రారు, వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, కనీసం ఒక ఫోను ఉంటే మాట్లాడతారేమో అని ఇక్కడ ఈ ఫోను పెట్టించారు. మాటతో సరిపోనప్పుడు ఇక్కడ పనిచేసే కుర్రాడు గోపాల్ మోటారు సైకిలు మీద ఆ ఊరికే వెళతాడు, మరీ కష్టమైతే డాక్టరు గారే వెళతారు. కరపత్రాలు కింద ప్రెస్సులోనే అచ్చేసి బస్టాండ్లలో, సంతల్లో అంటించారు. వరంగల్ జనం దీనికి ఏడుపుల ఫోను అని పేరు పెట్టుకున్నారు. మొదలైనప్పుడు వినడానికి పదకొండు మంది వచ్చారు. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. వెళ్లిపోయిన వాళ్లను అనసూయ తప్పు పట్టదు. వినడం బరువులు మోయడం లాంటిది కాదు. బరువైతే దించుకోవచ్చు, ఎవరో ఒకరు చూసి అబ్బ ఎంత మోసిందో అనవచ్చు. ఇక్కడి నుంచి ఇంటికి వెళితే, కూర్చునే వచ్చావు కదా, ఇంక అలసట దేనికి అంటారు.

అలసటే. ఇవాళ బస్సు దిగి మెట్లు ఎక్కుతుంటే ఐదో మెట్టు మీద ఆగిపోయింది, కాళ్లు నొప్పి పెట్టి కాదు. ఇంకో గొంతు వినాలంటే లోపల జాగా లేనట్టుగా అనిపించింది, చుట్టాలు దిగిన ఇంట్లో ఇంకో చాప పరచడానికి చోటు లేనట్టు. ఆమె ఏమీ పెద్ద ఉద్దేశంతో ఈ పనికి రాలేదు. డాక్టరు గారు స్టీలు బకెట్లు కొనడానికి దుకాణానికి వచ్చి, పాండురంగం గారూ మీ ఇంట్లో ఓపికగా వినేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే, వినుడే మా ఇంటావిడ పని సార్, ముప్పయ్యేళ్ల నుంచి నేనే చెప్తున్న, ఆమె వింటున్నది అని ఆయన నవ్వులాటగా అన్నాడు. అలా వచ్చింది. రెండు కుర్చీలను వీపులు ఆనేలా వేసి, మొహం చూడకుండా మాట్లాడటం నేర్పించారు. సలహాలు ఇవ్వకండి, మీ ఇంటి సంగతులు చెప్పకండి, అయ్యో అనకండి అన్నారు. అయ్యో అనకుండా ఉండటం నేర్చుకోవడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది. అందరూ అయ్యో అనే అంటారమ్మా, ఆ మాటతో వాళ్లు చెప్పడం ఆపేస్తారు అన్నారు డాక్టరు గారు. నిజమే. తన తోడికోడలు పిల్లాడికి జ్వరం వచ్చిందని చెప్పినప్పుడు అయ్యో అనలేదని ఆ తోడికోడలు ఇప్పటికీ సరిగా మాట్లాడదు.

డాక్టరు గారు నేర్పిన వాటిలో అన్నిటికన్నా బాగా పనికొచ్చింది ఇంకొకటి. ఫోను చేసిన వాళ్లు మా స్నేహితుడు అన్నారంటే తనే. మా పక్కింటామె అంటే తనే. మా చెల్లె అంటే తనే. ఎవరూ నేను అని మొదలుపెట్టరు. ఆ ముసుగు లాగకండి, ఆ చెల్లె గురించే మాట్లాడుతూ వీళ్లను కనిపెట్టుకుని ఉండండి అన్నారు. ఒక లెక్చరరు అరగంట సేపు మా స్నేహితుడు, మా స్నేహితుడు అని చెప్పుకొచ్చి, చివరికి మా స్నేహితుడి భార్య నన్ను గడ్డిపోచలాగా చూస్తుందండీ అని, ఏం అన్నాడో తెలిసి గుటక వేశాడు. అనసూయ ఏమీ తెలియనట్టు, మీ స్నేహితుడు రేపు కూడా ఫోను చేస్తే బాగుంటుంది అంది. మరునాడు చేశాడు. మా క్లాసు అమ్మాయి అన్న పిల్ల, మా బావమరిది అన్న బట్టల దుకాణం మనిషి, అందరూ అంతే. రిజిస్టరులో ఎవరి గురించి అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఆమె రాసే మాట ఒకటే. తనే. తనే. తనే. ఆ మాట రాసీ రాసీ ఇప్పుడు అవతలి వాళ్లు నోరు తెరిచీ తెరవకముందే పెన్ను దానంతట అదే ఆ రెండక్షరాలూ రాసేస్తుంది.

ఒంటిగంట పది. కిందటి గురువారం ఇదే సమయానికి వచ్చింది. ఒంటిగంట పది అనే సంగతి రిజిస్టరులో ఉంది, తనే అనే మాట పక్కన. ఫోను మోగింది. ఒక్క గంట పూర్తికాకముందే చేయి వెళ్లిపోయింది.

"హలో, చెప్పండి, వింటున్న."

"నేనే బిడ్డా, వెంకట్రాజాన్ని."

తొర్రూరు కాదు. వెంకట్రాజం గారు తహసీలు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, ఎప్పుడో ఆఫీసు వాళ్లు పెట్టించిన ఫోనూ మిగిలారు. రోజూ అన్నం తిని ఫోను చేసి ఏం తిన్నాడో చెబుతాడు. అంతకు మించి ఏమీ చెప్పడు. మొదట్లో అనసూయకు విసుగొచ్చేది. ఇది చచ్చిపోవాలనుకునే వాళ్ల ఫోను కదా, చారులో పోపు సంగతి ఇక్కడెందుకు అనుకునేది. ఏడాది పోయాక ఒకరోజు ఇంట్లో బియ్యం ఏరుతూ ఉండగా తెలిసింది, ఆయన ఫోనులో చెప్పడానికే వండుకుంటున్నాడు, వండుకున్నాడు గనుక తింటున్నాడు.

"ఇయ్యాల బీరకాయ వండిన బిడ్డా. మార్కెట్ల లేతగ కనవడితె తెచ్చిన. తొక్కు పారెయ్యలే, దాన్ని మల్ల..."

ఒక్కటే లైను. ఈయన మాట్లాడుతున్నంత సేపూ తొర్రూరు ఎక్స్‌ఛేంజిలో అమ్మాయి, ఎంగేజ్ ఉన్నదమ్మా, అవతల మాట్లాడుతున్నరు అంటుంది. సమ్మమ్మ ఎంతసేపు నిలబడుతుంది, ఫోనున్న ఆ దుకాణంలో. సామాను సంచి చంకన పెట్టుకుని, దుకాణం వాళ్లు చూస్తుండగా. ఒకసారి అడుగుతుంది, రెండుసార్లు అడుగుతుంది. మూడోసారి వెళ్లిపోతుంది. ఈయన బీరకాయ తొక్కు పచ్చడి దగ్గర ఉన్నాడు, ఇంకా చింతపండు నానలేదు. మధ్యలో ఆపితే ఈయన రేపు చేస్తాడా, ఎల్లుండి వండుకుంటాడా. ఒక్క చెవికి ఇద్దరిని తూచమంటే ఎలా.

"వెంకట్రాజం గారూ, జర లైను ఖాళీ జెయ్యాలె. ఒకరు ఫోన్ జేసేదున్నది."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పరేషాన్ల ఉన్నరా వాళ్లు?"

"ఉన్నరు."

"ఆడమనిషా?"

"ఆఁ."

"గా ముచ్చట ముందుగాలనె చెప్పొద్దా బిడ్డా, నేనేమన్న పరాయోన్నా? పెట్టేస్తాన. పచ్చడి సంగతి రేపు చెప్త. ఉప్పు జరంత ఎక్కువైంది, గంతే."

రిసీవరు పెట్టేసి దాని మీదే చేయి ఉంచి కూర్చుంది. ఒంటిగంట ఇరవై రెండు. ఇప్పుడు ఖాళీగా ఉంది, ఇప్పుడు చెయ్యవమ్మా సమ్మమ్మా. కిందటి గురువారం ఎక్స్‌ఛేంజి అమ్మాయి, తొర్రూరు ట్రంక్ కాల్, మాట్లాడండి అన్న తరువాత ముందు వెనకాల దుకాణం చప్పుళ్లు వినిపించాయి, తక్కెడ గుండ్లు, డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు. తరువాత గట్టి గొంతు, ఫోను మీద నమ్మకం లేక చేను గట్టు మీంచి పిలిచినట్టు పిలిచే గొంతు. అక్కా, ఏడుపొచ్చెటోల్లు గీ నంబరుకే చేస్తరట గదా? చేస్తారమ్మా, చెప్పు, పేరేంది? సమ్మమ్మ. నాది గాదక్కా, మా చెల్లె ముచ్చట. పెన్ను రాసేసింది, తనే. నిద్ర పడ్తలేదు దానికి. లేచి గోడకు ఒరిగి కూసుంటది. వండుతది, అందరికి పెడతది, అది తినది. చేనుకాడ మంచిగనె పని చేస్తది, ఏమైందే అంటె ఏం గాలే అంటది. మొన్న కలుపు తీసుకుంట తీసుకుంట అన్నదక్కా, ఎటన్న పోతె నిమ్మళమైతది అని. ఆ మాట దగ్గర ఆ గట్టి గొంతు ఒక్కసారిగా సన్నబడింది. ఆ సన్నబడటం అనసూయకు బాగా తెలుసు. లెక్చరరు గొంతు కూడా అలాగే సన్నబడింది.

ఇంట్ల పురుగుల మందు ఉన్నదా అని అనసూయ అడిగింది. అది తప్పక అడగాల్సిన ప్రశ్న. పత్తి చేనక్కా, మందు లేకుంట ఎట్లుంటది? నేను గీ మందుల దుకాణంల నుంచె చేస్తాన. దుకాణపాయన నంబరు కాయితం గోడకు అంటిచ్చిండు, గురువారం గురువారం సామానుకొస్త, ఇయ్యాల చదివిపిచ్చుకున్న. చచ్చిపోవాలనిపిస్తున్న మనిషి, చుట్టూ అరల నిండా విషం డబ్బాలున్న చోట నిలబడి తనతో మాట్లాడుతోంది. సమ్మమ్మా, నీకు ఇంట్ల తోడెవరున్నరు? నేనొక్కదాన్నే అక్కా, కొడుకులు ఏరుపడ్డరు, చెల్లె ఇల్లు గోడవతలనె. అయితే విను, నువ్వు ఒంటిగ పండుకోకు. ఇయ్యాల్టి నుంచి మీ చెల్లె పక్కల పోయి పండుకో, ఒక్క దినం గూడ తప్పొద్దు. గట్లనే అక్కా, గని... ఆ గని తరువాత ఏముందో. ఎక్స్‌ఛేంజి అమ్మాయి మధ్యలోకి వచ్చి త్రీ మినిట్స్ అంది. అనసూయ నోరు, ఆమెను అడక్కుండానే, సరే సరే, వచ్చే గురువారం ఇదే టైముకు చెయ్యి, పెడుతున్న అంది. పెట్టేసింది.

పెట్టేసిన తరువాత రిసీవరు వైపు చూసింది. ఆ చేయి తనది కానట్టుంది. ఏ ఊరని అడగలేదు. మందు డబ్బా తీసేయమని చెప్పలేదు. ఆ అలవాటు అత్తగారింటిది. పెళ్లయి వచ్చిన కొత్తలో బొంబాయి నుంచి సరుకు సంగతి ట్రంక్ కాల్ వస్తే ఇంట్లో అందరూ చుట్టూ నిలబడేవాళ్లు, మామగారు జేబు గడియారం చేతిలో పట్టుకుని నిలబడే మాట్లాడేవాడు, మూడు నిమిషాలు అనగానే అవతలి వాళ్లు ఏం చెబుతున్నా సరే సరే పెడుతున్న అని టక్కున పెట్టేసి, మొహం తుడుచుకుని, అప్పుడు కూర్చునేవాడు. ఆ ఇంట్లో ఏ కోడలూ, ఏ పిల్లాడూ మూడు నిమిషాలు దాటి మాట్లాడలేదు. పాలకుర్తి నుంచి తమ్ముడు ఫోను చేసి అక్కా, అమ్మ పోయింది అన్నప్పుడు కూడా. ఎట్లయింది, ఎప్పుడైంది, నోట్ల నీళ్లన్న పోసిండ్రా అని అడుగుతూ ఉండగానే త్రీ మినిట్స్ అన్నారు, సరే సరే పెడుతున్న అంది. పెట్టేశాక గుర్తొచ్చింది తమ్ముడు ఏడుస్తున్నాడని. వాడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తడు. ఎత్తితే బాగుండేది. ఈ మూడేళ్లలో ఎన్ని వందల గొంతులు విన్నదో, చెప్పండి వింటున్న, చెప్పండి వింటున్న అని, ఎంత ఓపిక తల్లీ అనిపించుకుంది. అవన్నీ ఊళ్లో ఫోన్లు. మూడు నిమిషాల గిరి లేని చోట ఓపికకు ఏం తక్కువ.

శనివారం గోపాల్‌ను తొర్రూరు పంపింది. సాయంత్రానికి మోటారు సైకిలు దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చాడు. అమ్మా, తొర్రూర్ల మందుల దుకాణాలు పద్నాలుగున్నయ్, నేను అన్నీ తిరిగిన. గోడకు మన కాయితం ఉన్నవి ఐదు. సమ్మమ్మ అంటె ఏ సమ్మమ్మ అంటాండ్రు, జాతర మొక్కుకు పుట్టిన ఆడపిల్లలందరు సమ్మమ్మలేనాయె. ఫోన్ మా దగ్గర్నుంచి జేసిందంటె మా దగ్గర్నుంచి గాదని ఒకన్ని జూసి ఒకడు చెప్తాండు. నన్ను పోలీసోడనుకున్నరమ్మా, ఒకాయనైతె కుర్చేసి సోడ తాపిండు. అతను నవ్వుతున్నాడు, అనసూయ నవ్వలేదు, అతని నవ్వు మెల్లగా చల్లారింది. డాక్టరు గారు, అమ్మా, మనం చేతనైనంత చేస్తాం, మిగిలింది మన చేతిలో ఉండదు అన్నారు. ఆయన నలభై ఏళ్లుగా ఆ మాట అనుకుంటూ ఇంటికి వెళ్లి అన్నం తింటున్నాడు. ఆమెకు ఆ మాట గొంతు దిగలేదు. ఆదివారం పాండురంగం అన్నం ముందు కూర్చుని, ఉప్పు పప్పు వండినవా, పప్పుల ఉప్పేసినవా అని నవ్వి, ఆమె మొహం చూసి కుడిపక్కకు జరిగి, ఎవరన్న పోయిండ్రా అన్నాడు. తెల్వదు అంది. తెలియదు అనే మాట ఇంత బరువుంటుందని అంతకు ముందు ఆమెకు తెలియదు. పోయారంటే ఏడవచ్చు. ఉన్నారంటే మరచిపోవచ్చు.

ఒంటిగంట నలభై. కిటికీలోంచి చౌరస్తా ఎండ, రిక్షావాడు సీటు మీద కాళ్లు చాపి టవలు మొహం మీద వేసుకున్నాడు. అతనికి ఏ ఫోనూ రాదు, హాయి. ఇంకా ఇరవై నిమిషాలు చూడాలి. రెండు దాటాక? నాలుగింటికి వీధిలోకి దిగి బస్సెక్కి వంకాయలు కొనుక్కుని ఇంటికి పోవాలి. వచ్చే గురువారం మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఆ గొంతు ఇక రాదు, రిజిస్టరులో తనే అన్న మాట మాత్రం ఉంటుంది, పేరు ఉంటుంది, ఊరు గడి ఖాళీగా ఉంటుంది. ఏ పేపరులోనో మూలన రెండు వాక్యాలు వస్తాయేమో, అదీ రాదేమో. సమ్మమ్మ అంటే ఏ సమ్మమ్మ. మానేయాలి. ఈ నెలాఖరుకు డాక్టరు గారికి చెప్పేయాలి, నాతో కావడం లేదండీ, చెవి నొప్పి అని. చెవి నొప్పి అంటే ఎవరూ ఏమీ అనరు. కళ్లు మూతలు పడుతున్నాయి. మూసుకున్న కళ్లలో తానెప్పుడూ చూడని దుకాణం, డబ్బాల వరసలు, డబ్బాల మీద పురుగు బొమ్మలు, వాటి ముందు వీపు తిప్పి నిలబడిన ఒక ఆడమనిషి. ఎంత పిలిచినా తిరగదు.

కింద మిషను ఆగింది. అనసూయ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. అన్నాల వేళ, ప్రెస్సు వాళ్లు ఆపుతారు. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీద అడుగులు, కడియాల బరువున్న అడుగులు, ఒక గొంతు.

"గీడనేనా అక్కా, ఏడ్పుల ఫోను?"

ఆ గొంతు. గట్టు మీంచి పిలిచినట్టుండే ఆ గొంతు. గుమ్మంలో పొడుగాటి మనిషి నిలబడి ఉంది, యాభై ఏళ్లకు దగ్గరగా ఉంటుంది, నుదుటి మీద రూపాయంత బొట్టు, చేతిలో నలిగిన కరపత్రం. ఎడమ మణికట్టుకు పాత చీర పేలిక చుట్టి ఉంది, పసుపు రంగు బయటికి దిగింది. అనసూయ కళ్లు ముందు ఆ కట్టు మీదే పడ్డాయి. ఏదో చేసుకుంది. చేసుకుని, తప్పించుకుని, ఇంత దూరం వచ్చింది. కుర్చీ వెనక్కి పడుతున్నా చూసుకోకుండా లేచి వెళ్లి ఆ మనిషిని భుజం పట్టుకుని తెచ్చి ఇవతలి కుర్చీలో కూర్చోబెట్టింది. గ్లాసు నోటి దగ్గర పెట్టింది. కట్టు లేని చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది. రెండేళ్లకు పైగా ఒక్కసారి కూడా అనని మాట నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో సమ్మమ్మా! అయ్యో, ఎంత పని జేసుకున్నవమ్మా!"

సమ్మమ్మ నీళ్లు గడగడా తాగి, మూతి తుడుచుకుని, అనసూయ వైపు వింతగా చూసింది.

"నేనేం జేసుకున్ననక్కా? నాకేమైంది, గుండ్రాయి లెక్క ఉన్న. నువ్వు ఫోన్ పెట్టేస్తివి గద, ఇంకేం జేస్త? మల్ల జేస్తె మల్ల పెట్టేస్తవని, దుకాణపాయన గోడకున్న కాయితం చింపిస్తె, బస్టాండుల అందరికి సూపిచ్చుకుంట దీన్నే తోలుకొచ్చిన."

"దీన్ని?"

"దీన్నే. మా కట్టమ్మను. ఏమే, గాడ్నే నిలవడ్డవ్, లోపలికి రా!"

అప్పుడు చూసింది అనసూయ. గుమ్మం అవతల, మెట్ల చీకటికి ఆనుకుని ఇంకొక మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఉతికిన నీలం చీర, ఇద్దరి సంచులూ ఆమె భుజం మీదే ఉన్నాయి. ఇందాకటి నుంచీ అక్కడే ఉంది. ఇందాక సమ్మమ్మ భుజం పట్టుకుని తీసుకొస్తున్నప్పుడు అనసూయ మోచేయి ఆ సంచికి తగిలింది కూడా, ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు చెప్పినట్టె జేసిననక్కా," సమ్మమ్మ కట్టున్న చేయి ముందుకు చాపింది. "చెల్లె పక్కల పండుకొమ్మంటివి గద, రోజు పండుకున్న. ఇంట్ల మొగడు లేడా, ఇదేం పండుకునుడని మా మరిది నవ్విండు. నవ్వితె నవ్వని, వరంగల్ల అక్క చెప్పిందన్న. సోమారం పొద్దుగాల మెలకువొచ్చి చూస్తె పక్కల లేదు. కొట్టంల ఉన్నది, డబ్బ మూత తీస్తాంది. గుంజి పారేస్తె చెయ్యి కొరికింది, ఇగో, పండ్లు దిగినయ్. కొరకనియ్, గని దక్కింది. నువ్వు గా మాట చెప్పకపోతె నేను నా ఇంట్ల గుర్రుపెట్టుదును. నువ్వు దేవతవు అక్కా, దండం పెడ్త."

ఆ మాట ఎందుకు చెప్పిందో అనసూయకు తెలుసు. గోడవతల చెల్లె ఇల్లు అంటే ఒక చాప, ఒక దీపం, ఈ మనిషికి ఇంత తోడు, అంతే. అందులో ఉండే మనిషి గురించి ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వారం రోజులు ఉప్పు మరచిపోయేంతగా దిగులుపడింది ఈ గుండ్రాయి లాంటి మనిషి కోసం. చెల్లె, చెల్లె అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంటే తన పెన్ను తనే అని రాసుకుంది.

"చానా మంచిదక్కా మా కట్టమ్మ," సమ్మమ్మ చెబుతూనే ఉంది, "ఒక్కలను ఒక్క మాట అనది. ఇంట్ల ఉన్నట్టె తెల్వది."

తన అత్తగారు కూడా అచ్చం అలాగే అనేది, చుట్టాల ముందు, మెచ్చుకోలుగా. మా అనసూయ ఇంట్ల ఉన్నట్టె తెల్వదు. ఆ మాటకు ఆమె తల వంచుకుని ఎన్నిసార్లు మురిసిపోయిందో, ఎన్నిసార్లు వంటింట్లోకి వెళ్లి గోడ వైపు చూస్తూ నిలబడిందో. అనసూయ సమ్మమ్మ చేయి వదిలి గుమ్మం దగ్గరికి వెళ్లింది. కట్టమ్మ కళ్లెత్తింది. ఎండిపోయిన కళ్లు, వాటిలో ఏడుపు లేదు, కోపం ఉంది, అది కూడా అలసిపోయి ఉంది.

"నువ్వేనా, మా అక్కను నా పక్కల పండుకొమ్మన్నది?"

"ఆమెనే, ఆమెనే!" వెనకాల నుంచి సమ్మమ్మ.

అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. డాక్టరు గారైనా ఇక్కడ ఉంటే, ఆ నమ్మకాన్ని ఎందుకు చెడగొడతారమ్మా, ఉండనివ్వండి అంటారేమో. దేవత చెప్పిందనుకుంటే ఈ అక్క ఇంకో నెల పక్కన పడుకుంటుంది. కానీ ఎదురుగా ఉన్న ఈ కళ్లు ఇంకెవరి కోసమో చెప్పిన మాటలను ఎన్నేళ్లుగా చూస్తున్నాయో.

"నేనే అన్న. గని నీ కోసమని అనలేదమ్మా," అంది అనసూయ. "మీ అక్కకే ఏదో అయితుందనుకున్న. ఆమె ఒంటిగ ఉండొద్దని అన్న. నీ ఇల్లు గోడ పక్కన ఉన్నదని తెలుసు. నువ్వున్నవని అనుకోలె."

"అయ్యో, గదేంది!" సమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. "చెల్లె, చెల్లె అని చెప్తనే ఉంటి గదా!"

"చెప్పినవు. నేనే వినలె."

కట్టమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది, అబద్ధం ఎక్కడన్నా మిగిలి ఉందేమో వెతుకుతున్నట్టు. తరువాత భుజం మీది సంచులు రెండూ దించి గోడ వారగా పెట్టింది. లోపలికి వచ్చి, అక్క లేచిన కుర్చీలో కాకుండా ఎదురుగా ఉన్న స్టూలు మీద, అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చూపుడు వేలికి పత్తి కాయలు గీరిన గాట్లున్నాయి, వాటిని బొటనవేలితో రుద్దుకుంటోంది. అనసూయ రిజిస్టరు మూసేసి పక్కకు జరిపింది, తన కుర్చీ బల్ల చుట్టూ తెచ్చి ఆ స్టూలు ముందు వేసుకుంది. మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత దగ్గర. అలసట ఎక్కడికీ పోలేదు, నడుములో, మెడలో అలాగే ఉంది. చెప్పు, వింటున్న అనే మాట నోటి దాకా వచ్చింది. మింగేసింది.

కట్టమ్మ నేల వైపు చూస్తూ, "జర మా అక్కను కిందికి పొమ్మను," అంది.

"ఎందుకే? నాకు తెల్వని ముచ్చట నీకాడ ఏమున్నది?" సమ్మమ్మ నడుముల మీద చేతులు పెట్టుకుంది. "బస్సు కిరాయి నాది, చెయ్యి కొరికిచ్చుకున్నది నేను, ఇప్పుడు నన్నే పొమ్మంటాంది సూడక్కా!"

"సమ్మమ్మా, సందు మొగదల చాయ హోటలున్నది," అంది అనసూయ. "జరసేపు పోయి కూసో."

సమ్మమ్మ ఇద్దరి వైపూ చూసింది. కట్టున్న చేతిని కొంగులో దాచుకుని, బయటికి నడిచింది. "చాయనట, చాయ. మంచికి కాలం లేదు," అని గొణుగుతూ మెట్లు దిగింది. కడియాల చప్పుడు ఒక్కొక్క మెట్టే దిగిపోయింది. కట్టమ్మ తల పక్కకు వంచి ఆ చప్పుడు విన్నది, చివరి మెట్టు దాకా, ఆ తరువాత వీధిలోకి కలిసిపోయేదాకా విన్నది. ఎవరూ లేరని నిమ్మళం అయ్యాక, గాట్లున్న వేలిని గట్టిగా పట్టుకుని, మొదలుపెట్టింది.

"నాకు..." అంది.